కథ ముందు చదవాలా, సినిమా ముందు చూడాలా? ఎలా తేల్చుకోవాలంటే

నవల సినిమాగా వస్తే జనం అనే మొదటి మాట ఒకటే, "అబ్బా చాలా కట్ చేసేశారు" అని. చిన్న కథ సినిమా అయితే మాత్రం లెక్క తిరగబడిపోద్ది, ఎందుకంటే పది పదిహేను పేజీల కథలో రెండు గంటలకి సరిపడా సరుకు ఉండదు, డైరెక్టర్ ఏదో ఒకటి బయట్నుంచి తేవాల్సిందే, కొత్త పాత్రో, పాటో, కథకి ముందు జరిగిందో, తర్వాత జరగబోయేదో. అందుకే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు "ఏం తీసేశారు" అన్న ప్రశ్న వదిలేసి "ఏం కలిపారు, అది ఎందుకు కావాల్సొచ్చింది" అని అడగాలన్నది నా గట్టి నమ్మకం. ఆ ఒక్క ప్రశ్నతోనే ఏది ముందు పట్టుకోవాలో, ఏది వదిలేసినా పెద్ద నష్టం లేదో చాలావరకు తేలిపోతుంది.

ముందే చెప్తున్నా, ఇక్కడ కొన్ని కథల ముగింపులు కూడా మాట్లాడుకోక తప్పదు, సినిమావాళ్ళు ఎక్కువగా చెయ్యి పెట్టేది అక్కడే కాబట్టి. ఏదైనా పేరు చూసి ఇది ఇంకా చదవలేదే అనిపిస్తే ఆ పేరా దాటేసి కిందకి వెళ్ళిపోండి.

అసలేం ఆలోచించే ఓపిక లేదు, ఒక్క రూల్ చెప్పు చాలు అంటే, కథే ముందు. చదవడానికి అరగంటో గంటో పడుతుంది, అంతే. సినిమా ముందు చూస్తే ఆ హీరోయిన్ మొహం, ఆ ఇల్లు, ఆ గొంతు మన బుర్రలో అచ్చుపడిపోతాయి, తర్వాత కథ చదువుతున్నా మనకి కనిపించేది ఆ నటులే, మన ఊహకి పనే ఉండదు. కథ ముందు చదివితే సినిమా చూసేటప్పుడు "నేను ఇలా అనుకున్నా, ఈయన ఇలా అనుకున్నాడా" అని ఇంకో మంచి పాఠకుడితో కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. కానీ ఈ రూల్ అన్నిచోట్లా పనిచెయ్యదు, కథ బలం ఎక్కడుందో చూసి మార్చుకోవాలి.

కొన్ని కథల బలమంతా చెప్పే తీరులోనే ఉంటుంది. ఏం జరిగింది అన్నదానికంటే మనకి ఏది ఎప్పుడు తెలియనిచ్చారు అన్నదే అక్కడ ప్రాణం. హిచ్‌కాక్ 1954లో తీసిన రియర్ విండో అందరికీ తెలిసిందే, కాలికి కట్టు కట్టుకుని కుర్చీలో కూర్చున్న ఫొటోగ్రాఫర్ ఎదురింటి కిటికీల్లోకి చూస్తూ ఒక హత్య జరిగిందని అనుమానపడతాడు. దానికి ఆధారం కార్నెల్ వూల్రిచ్ 1942లో రాసిన ఒక కథ. సినిమాలో మొదటి నిమిషాల్లోనే కెమెరా ఆ కాలి కట్టు చూపించేస్తుంది, చూపించక ఏం చేస్తుంది, మనిషి ఫ్రేములో ఉన్నాక కాలు దాచలేం కదా. కథలో మాత్రం అతను గదిలోంచి ఎందుకు కదలట్లేదో సూటిగా చెప్పరు, డాక్టరు వచ్చి ఇక కట్టు తీసెయ్యొచ్చు అనే మాట చివరాఖర్లో వస్తుంది. అలాగే సినిమాలో గ్రేస్ కెల్లీ వేసిన లీసా పాత్ర కథలో లేనే లేదు, ఆ ప్రేమ, పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్న గొడవ, ఎదురింటి జంటలన్నీ వాళ్ళిద్దరి భవిష్యత్తులాగా కనిపించడం, ఇదంతా సినిమా కోసం పుట్టింది. నా ఓటు ఇక్కడ సినిమాకే, అది కథ కంటే చాలా పెద్దది. కానీ కథ ముందు చదివితేనే ఆ చివరి వాక్యం మీకు దక్కుతుంది, సినిమా చూశాక దక్కదు, కాబట్టి వరస మాత్రం కథ, తర్వాత సినిమా.

టెడ్ చియాంగ్ 1998లో రాసిన స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్, దాన్నుంచి 2016లో వచ్చిన అరైవల్ కూడా ఇదే కోవలోకి వస్తాయి, ఇంకా లోతుగా. కథ మొత్తం ఒక తల్లి తన కూతురితో "నువ్వు" అంటూ చెప్పే మాటలు, కూతురికి జరగబోయేవన్నీ ముందే తెలిసిన మనిషి జ్ఞాపకం చెప్పినట్టు భవిష్యత్తు చెప్తుంది, ఆ వాక్యాల్లోని కాలాలే కథ. సినిమాకి ఆ సదుపాయం లేదు, తెర మీద ఏది చూపించినా అది ఇప్పుడే జరుగుతున్నట్టే ఉంటుంది, అందుకే వాళ్ళు ఎడిటింగ్‌తో ఒక ట్రిక్ చేశారు, మనం గతం అనుకున్న సీన్లు తర్వాత వేరేగా తేలతాయి. అది బ్రహ్మాండంగా కుదిరింది కూడా. ప్రపంచ దేశాలు యుద్ధానికి దిగబోవడం, చైనా జనరల్‌కి ఫోన్ చెయ్యడం ఇవన్నీ సినిమావాళ్ళు కలిపినవి, కథలో వేరే గ్రహం నుంచి భూమికి వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో చెప్పకుండానే వెళ్ళిపోతారు. కానీ నాకు అన్నిటికంటే పెద్ద మార్పు అనిపించేది వేరే. కథలో కూతురు ఇరవై అయిదేళ్ళ వయసులో కొండ ఎక్కుతూ ప్రమాదంలో చనిపోతుంది, సినిమాలో ఇంకా చిన్న వయసులోనే నయం కాని జబ్బుతో పోతుంది. ప్రమాదం అయితే ముందే తెలిసిన తల్లి ఆపొచ్చు కదా అన్న ప్రశ్న మనల్ని వదలదు, జబ్బు అనేసరికి ఆ ప్రశ్న మెత్తబడిపోయి "తెలిసీ కంటావా" అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. కన్నీళ్ళు సినిమా తెప్పిస్తుంది, నిద్ర పట్టకుండా చేసేది మాత్రం కథ. రెండూ చెయ్యండి, వీలైతే మధ్యలో కొన్ని రోజులు గ్యాప్ ఇచ్చి.

మనసులో మాటల మీద నడిచే కథలు ఇంకో రకం. హిందీ రచయిత్రి మన్నూ భండారీ "యహీ సచ్ హై" ఒక అమ్మాయి డైరీలాగా నడుస్తుంది, కాన్పూర్‌లో ఉంటే సంజయే నిజమనిపిస్తాడు, కలకత్తా వెళ్తే పాత ప్రేమికుడు నిశీథే నిజమనిపిస్తాడు, రెండు ఊళ్ళు రెండు నిజాలు. బాసు ఛటర్జీ 1974లో రజనీగంధా తీసినప్పుడు ఊళ్ళు ఢిల్లీ, బొంబాయి అయ్యాయి, నిశీథ్ నవీన్ అయ్యాడు, కానీ అసలు సమస్య అది కాదు, ఆ డైరీలో ప్రతి రోజూ తనకి తను చెప్పుకునే మాటల్ని తెర మీదకి ఎలా తేవాలి అన్నది. ఆయన దానికి పాటని వాడుకున్నాడు, ముకేశ్‌కి జాతీయ అవార్డు తెచ్చిన "కయీ బార్ యూఁ భీ దేఖా హై" నవీన్‌తో టాక్సీ ప్రయాణంలో అమ్మాయి నోరు విప్పకుండానే ఒక పది పేజీల డైరీ పని చేసేస్తుంది. పాట అంటే కథకి అడ్డు అనుకునేవాళ్ళు ఈ ఒక్క సీను చూస్తే చాలు. ఇక్కడ వరస ఎటైనా ఫర్వాలేదు, మనసు తేలిగ్గా ఉండాలంటే సినిమా, ఆ అమ్మాయి తడబాటు లోపల్నుంచి తెలియాలంటే కథ.

ఇక ముగింపులు మార్చడం. దీని మీద మనవాళ్ళకి చాలా కోపం ఉంటుంది, నాకూ ఉంటుంది, కానీ అన్ని మార్పులూ ఒకటి కావు. ప్రేమ్‌చంద్ శత్రంజ్ కే ఖిలాడీలో ఇద్దరు నవాబీ దొరలు ఊరు మునిగిపోతున్నా చదరంగం వదలరు, చివరికి ఆటలో తగాదా పడి కత్తులు దూసుకుని ఇద్దరూ ఒకర్నొకరు చంపుకుంటారు. తమ రాజు కోసం ఒక్క చుక్క కన్నీరు కార్చనివాళ్ళు చదరంగం మంత్రి కోసం ప్రాణాలు తీసుకున్నారు అన్నది దెబ్బ. 1977లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమాలో వాళ్ళు చావరు. ఒకడు పిస్టల్ పేలుస్తాడు, గుండు రాసుకుని పోతుంది, కాసేపటికి మళ్ళీ కూర్చుని ఈసారి ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో ఆట మొదలుపెడతారు, మంత్రి పోయి రాణి వస్తుంది. నాకైతే ఇది కథ కంటే కఠినమైన ముగింపు, చావు కూడా దక్కనివ్వలేదు వాళ్ళకి. పైగా కథలో వెనకెక్కడో ఉన్న అవధ్ నవాబు వాజిద్ అలీ షాని రాయ్ ముందుకి తెచ్చి, ఇంగ్లీషువాళ్ళ జనరల్ ఔట్రమ్‌ని ఎదురుగా నిలబెట్టి, 1856లో ఆ రాజ్యం ఇంగ్లీషువాళ్ళ చేతికి ఎలా పోయిందో పక్కనే ఇంకో చదరంగంలా నడిపించాడు. కథ చదవడానికి ఒక్క టీ తాగే టైమ్ చాలు, చదివేసి సినిమాకి వెళ్ళండి, మార్పు ఎందుకు చేశాడో మీకే తెలిసిపోతుంది.

దీనికి పూర్తి ఆపోజిట్ రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా "దువిధా". పెళ్ళయిన మర్నాడే వ్యాపారం అని వెళ్ళిపోయిన భర్త, అతని రూపంలో వచ్చిన దెయ్యం, ఆ దెయ్యం తను ఎవరో నిజం చెప్పి మరీ ఆమెని అడగడం. మణి కౌల్ 1973లో కథ పేరుతోనే తీశాడు, అమోల్ పాలేకర్ 2005లో పహేలీ అని తీశాడు. కథలో గొర్రెలకాపరి తెలివితో దెయ్యం తోలుసంచిలో చిక్కుకుపోతుంది, అమ్మాయి అసలు భర్త దగ్గరే మిగిలిపోతుంది, ఆమె ఇష్టం ఎవరూ అడగరు. పహేలీలో దెయ్యం భర్త ఒంట్లోకి దూరి తిరిగొచ్చేస్తుంది, అందరూ హాయిగా ఉంటారు. రంగులు, పాటలు, ఒంటెలు అన్నీ బావున్నాయి కానీ ఆ ముగింపుతో కథ అడిగిన ప్రశ్నే మాయమైపోయింది, ఆడదాని ఇష్టానికి విలువ ఉందా అని కథ అడుగుతుంటే "ఉంది, ఉంది, కంగారు పడకండి" అని సర్దిచెప్పినట్టు అయింది. మణి కౌల్ సినిమా నెమ్మది, చాలా నెమ్మది, బొమ్మలు కట్టినట్టు నిలబడిపోయే ఫ్రేములు, అలవాటు లేనివాళ్ళకి కష్టమే. నా సలహా ఏంటంటే కథ తప్పకుండా చదవండి, ఇంటిల్లిపాదీ కలిసి చూడాలంటే పహేలీ పెట్టుకోండి, ఒంటరిగా ఒక సాయంత్రం దొరికితే మణి కౌల్‌ది పెట్టుకోండి. ఒకవేళ పహేలీ ముందే చూసేసి ఉంటే మాత్రం కథ అస్సలు మానెయ్యకండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన జత, మన భాషలోనే ఉన్నది. ప్రేమ్‌చంద్ "కఫన్", 1936, ఆయన ఆఖరి రోజుల కథ. గుడిసె బయట తండ్రీ కొడుకూ బంగాళదుంపలు కాల్చుకు తింటుంటారు, లోపల కోడలు పురిటి నొప్పులతో అరుస్తుంటుంది, లోపలికి వెళ్తే ఎక్కడ రెండోవాడు దుంపలన్నీ తినేస్తాడో అని ఎవడూ లేవడు. ఆమె చనిపోతుంది, శవానికి కప్పే కఫను గుడ్డ కోసం ఊరంతా అడుక్కున్న డబ్బుతో ఇద్దరూ తాగేస్తారు. మృణాల్ సేన్ దీన్ని 1977లో తెలుగులో ఒక ఊరి కథ అని తీశాడు, బెంగాలీ డైరెక్టరు, హిందీ కథ, తెలుగు పల్లె. వాసుదేవరావు తండ్రిగా చేశాడు, మమతా శంకర్ కోడలిగా చేసింది. కథలో ఆ కోడలికి మాటలు లేవు, మనకి వినిపించేది లోపల్నుంచి వచ్చే మూలుగు మాత్రమే, ఆమె ఎలాంటి మనిషో రెండు మూడు వాక్యాల్లో తేలిపోతుంది. సినిమాలో ఆమె ఆ ఇంటికి రావడం, ఆ ఇద్దరు సోమరుల మధ్య ఒక సంసారం నిలబెట్టాలని చూడటం, కష్టం చేసి నాలుగు గింజలు తేవడం, ఇవన్నీ మన కళ్ళ ముందు జరుగుతాయి. అంటే డైరెక్టరు కలిపింది ఒక మనిషి జీవితాన్ని. దాంతో చావు వచ్చేసరికి మనకి ఆమె పేరు తెలుసు, ఆమె నవ్వు తెలుసు, చేతుల్లో ఎంత శక్తి ఉందో తెలుసు. కథ చదివితే ఆ తండ్రీ కొడుకుల మీద అసహ్యం, జాలి, వాళ్ళని అలా తయారుచేసిన లోకం మీద కోపం అన్నీ ఒకేసారి వచ్చి ఊపిరాడదు, సినిమా చూస్తే కోడలి కోసం ఏడుస్తాం. ఇంకో విషయం, ఆ తండ్రి పని చెయ్యకపోవడాన్ని సినిమా బద్ధకంలాగా వదిలెయ్యదు, కష్టపడి పనిచేస్తే బాగుపడేది ఎవరు, ఆసామే కదా అన్న తిరుగుబాటులాగా పెంచింది, కథలో ఆ విత్తనం ఉంది, సినిమాలో అది చెట్టయింది. ఏది గొప్పది అని అడిగితే నేను తేల్చను, తేల్చాల్సిన అవసరం కూడా కనపడదు, కానీ రెండిట్లో ఒక్కటే కుదురుతుంది అంటే తెలుగు పాఠకులకి సినిమానే చెప్తా, ఎందుకంటే కథ ఎప్పుడైనా దొరుకుతుంది, ఈ సినిమా గురించి మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు.

తెలుగు కథల సంగతికొస్తే పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం" నుంచి 1995లో కె.ఎస్. సేతుమాధవన్ తీసిన స్త్రీ ఉంది, రోహిణి రంగి వేషం వేసింది, తెలుగు ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. రాత్రి పూట పడవ మీద నడిచే కథ, చీకటి, నీళ్ళ చప్పుడు, ఒక ఆడమనిషి చెప్పే మాటలు, దాన్ని ముందు చదవడమే న్యాయం. శ్రీరమణ "మిథునం"కి అయితే రెండు సినిమాలు, 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో ఒరు చెరు పుంచిరి తీశాడు, 2012లో తనికెళ్ళ భరణి మిథునం అనే పేరుతోనే బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మితో తీశాడు. తమాషా ఏంటంటే మలయాళంలో పిల్లలూ మనవలూ ఇరుగుపొరుగూ అందరూ కనిపిస్తారు, తెలుగులో తెర మీద ఆ ముసలి దంపతులిద్దరే. ఒకే కథ ఒకాయనకి కుటుంబంలాగా, ఇంకొకాయనకి ఇద్దరు మనుషుల లోకంలాగా కనిపించింది. కథలో ఉండే ఆ మాటకారితనం, ప్రతి వాక్యంలో తిండి వాసన, మొగుడూ పెళ్ళాల ఎత్తిపొడుపులు, అవి చదివితేనే పూర్తిగా అందుతాయి, వీలైతే పైకి చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

సినిమా ముందు చూసినా నష్టం లేదు అనిపించేవి కూడా ఉన్నాయి, అవి ఎక్కువగా మౌనం మీద నిలబడ్డవి. టాగూర్ "పోస్ట్‌మాస్టర్"లో రతన్ అనే పిల్ల, ఊరొదిలి పోతున్న పోస్ట్‌మాస్టర్ బాబు డబ్బులివ్వబోతే కాళ్ళ మీద పడి ఏడ్చి, నాకేం వద్దని పరిగెత్తిపోతుంది. రాయ్ 1961లో తీన్ కన్యాలో ఆ సీనుని ఏడుపు లేకుండా తీశాడు, పిల్ల నీళ్ళ బకెట్టు మోసుకుంటూ అతని పక్కనుంచి చూడకుండా వెళ్ళిపోతుంది, లోపల్నుంచి కొత్త బాబుకి నీళ్ళు తెచ్చానని చెప్పే గొంతు వినిపిస్తుంది, అతను చేతిలో డబ్బు వెనక్కి జేబులో పెట్టుకుంటాడు. టాగూర్ దగ్గర పడవ కదిలాక వచ్చే ఆలోచనలు ఉంటాయి, అవి సినిమాలో పట్టవు, పిల్ల ఆత్మాభిమానం మాత్రం సినిమాలోనే ఎక్కువ కనిపిస్తుంది. రాయ్ చారులత కూడా అంతే, దానికి ఆధారమైన టాగూర్ "నష్టనీడ్" పెద్ద కథ, ఓపిగ్గా చదవాలి, 1964 సినిమాలో మొదటి ఏడెనిమిది నిమిషాలు దాదాపు మాటల్లేకుండా ఒక ఇల్లాలు బైనాక్యులర్స్‌తో కిటికీల్లోంచి వీధి చూస్తూ గదులన్నీ తిరుగుతుంది, ఆ ఒంటరితనం చూశాక కథలోకి వెళ్తే ప్రతి పేజీ వెలుగుతుంది. చివర్లో కథలో భర్త తనతో రమ్మంటే చారు "వద్దులే" అనేస్తుంది, సినిమాలో ఆ భార్యాభర్తల చేతులు కలిసేలోపు బొమ్మ ఆగిపోతుంది.

మన భాష కాని కథలకి ఇంకో పాయింట్ ఉంది, మనం చదివేది ఎలాగూ అనువాదమే, అది సరిగ్గా లేకపోతే కథ తప్పు అనుకుని పక్కన పడేస్తాం. అలాంటప్పుడు సినిమా ముందు చూడటమే మంచిది, అసలు గొంతుల్లో అసలు భాష వింటాం కదా. జపాన్ రచయిత అకుతగావా "ఇన్ ఎ గ్రోవ్" ఒక హత్య గురించి వరసగా ఏడుగురు చెప్పే సాక్ష్యాలు, అంతే, రచయిత మధ్యలో ఒక్క ముక్క కలపడు, ఎవరు నిజమో చెప్పడు. కురొసావా 1950లో రషోమాన్‌లో ఆ సాక్ష్యాలు తీసుకుని, అదే రచయిత ఇంకో కథలోని పాడుబడ్డ ద్వారాన్ని తెచ్చి వాన కురిపించి, కట్టెలు కొట్టేవాడికి ఇంకో సాక్ష్యం ఇచ్చి, చివర్లో దిక్కులేని పసిబిడ్డని చేతుల్లో పెట్టాడు. కథలో ఏ ఆశా లేదు, సినిమాలో కొంచెం ఉంది. చీకటిగా ముగిసేవి భరించలేనివాళ్ళు సినిమాతో ఆగిపోయినా నేను తప్పు పట్టను.

ఇంకో జపాన్ రచయిత మురకామి కథల సినిమాలకి మాత్రం టైమ్ చూసుకుని దిగండి. బార్న్ బర్నింగ్ చిన్న కథే, కానీ 2018లో లీ చాంగ్‌డాంగ్ తీసిన బర్నింగ్ 148 నిమిషాలు, ఆయన ఇంకో కథ నుంచి వచ్చిన డ్రైవ్ మై కార్ అయితే 179. బర్నింగ్‌లో కథలోని గాదెలు ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు అయ్యాయి, కథలో ఏమీ తెలియనట్టు పక్కకి తప్పుకునే మనిషి సినిమాలో కోపంతో రగిలిపోయే కుర్రాడు అయ్యాడు, డబ్బున్నవాడు లేనివాడు అన్న మంట మొత్తం డైరెక్టరుది. కథ చదివి "ఏముంది ఇందులో" అనిపించినవాళ్ళకి కూడా సినిమా నచ్చొచ్చు, కథ నచ్చినవాళ్ళకి సినిమా నచ్చకపోవచ్చు కూడా.

రాయడం నేర్చుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి నేను చెప్పేది కొంచెం వేరు, కథ చదివాక సినిమా వెంటనే చూడొద్దు, "దీన్ని నేను రెండు గంటలు తియ్యాలంటే ఏం కలుపుతా" అని ఒక కాగితం మీద రాసుకోండి, ఎవరిని తెస్తారు, ఎక్కడ మొదలుపెడతారు, ముగింపు ఉంచుతారా, అప్పుడు చూడండి. చదివే అలవాటు పోయినవాళ్ళు గంట లోపే అయిపోయే సద్గతితో మొదలుపెట్టొచ్చు, ప్రేమ్‌చంద్ కథే, రాయ్ 1981లో టీవీ కోసం తీశాడు, ఓం పురి, స్మితా పాటిల్ ఉన్నారు, కథకి చాలా దగ్గరగా ఉంటుంది, దాదాపు ఏమీ కలపలేదు, నిడివి చిన్నదైతే కలపాల్సిన అవసరమే రాదని దాంతో తెలుస్తుంది. పిల్లలకి అయితే అది వద్దు, చాలా బరువైనది, వాళ్ళకి శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్ ఎపిసోడ్లు పెట్టి, ఎపిసోడ్ అయిన వెంటనే ఆ కథ చదివించండి, మొహాలు ముందే తెలిసిపోతే పిల్లలు కథలో ఇంకా తేలిగ్గా దిగుతారు, పెద్దవాళ్ళకి చెప్పిన వరస వాళ్ళకి అక్కర్లేదు.